సాక్ష్యం చెప్పాల్సిన చోటు

పోయినవారం నర్సు రత్నమణిని ఆస్పత్రి కాజువాలిటీలో, సగం కట్టిన కట్టుతో వదిలి వచ్చాం. ఆ కట్టు నాగేందర్ అనే జగిత్యాల మేస్త్రీ చేతికి. రేకు తగిలి చెయ్యి తెగి వచ్చినవాడు, నొప్పి మరిచిపోవడానికి తన బావ అంజన్న సంగతి చెప్పుకొచ్చాడు. అంజన్న కంపెనీ పికప్ డ్రైవరు. యుద్ధం ఆగిన కొత్తలో, కువైట్ నూనెబావుల పొగ వీళ్ళు పనిచేసే ఎడారి ఊరు హఫర్ అల్ బాతిన్ దాకా కమ్ముకొచ్చిన ఒక శుక్రవారం, ఆ పికప్ ఒక సూడాన్ గొర్రెలకాపరిని గుద్ది వదిలేసి పోయింది. కాపరి చచ్చిపోయాడు. అప్పట్నించీ అంజన్న జైల్లో ఉన్నాడు.

"మా బావ ఆ దినం బండి ముట్టనే లేదక్కా. ఎవ్వలు నమ్ముతలేరు" అన్నాడు నాగేందర్.

ఆ మాట నిజమని అంజన్న కాక ఆ ఊళ్ళో ఇంకో ముగ్గురికి తెలుసు. బండి నడిపిన ఎరిక్‌కి, పక్కన కూర్చున్న అతని భార్య జాయ్సీకి, వెనకసీట్లో కూర్చున్న రత్నమణికి. అయితే ఆ నేరానికి ఇంకొక మనిషి జైల్లో మగ్గుతున్నాడని మాత్రం రత్నమణికి ఆ రోజుదాకా తెలియదు. ఏదో మిలటరీ బండి గుద్దిందని ఆస్పత్రిలో అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకోనిచ్చింది.

ఆ వారమంతా ఎరిక్‌ని ఒంటరిగా కలవాలని చూసింది. అతను దొరకలేదు. చివరికి శుక్రవారం వచ్చింది.

శుక్రవారం అంటే ఓబదయ్య గది. ఓబదయ్య కంపెనీ మెస్సులో వంటవాడు, కందుకూరు మనిషి, అరవైకి దగ్గరపడినవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. అందరికీ పెదనాన్న. మెస్సు వెనక ఆయనకిచ్చిన రెండు గదుల్లో ఒకటి వంటగది, ఇంకొకటి ప్రార్థన గది. ఆ దేశంలో క్రైస్తవ ప్రార్థన నేరం కాబట్టి, చెప్పులు బయట కనబడకూడదని లోపలే విడిచేవాళ్ళు. కిటికీలకి దుప్పట్లు కట్టేవాళ్ళు. పాత ఏసీ లారీలాగా మోగుతుంటే, ఆ మోత చాటున గొంతు తగ్గించి పాటలు పాడుకునేవాళ్ళు. చప్పట్లుండవు. వేళ్ళతో అరచేతి మీద తట్టుకోవడమే.

ఆ శుక్రవారం ప్రత్యేకం. ఎరిక్ ఉద్యోగం వదిలేసి పూర్తికాల దైవసేవకి వెళ్ళిపోతున్నాడు. కంపెనీ ఆఫీసులో మంచి కుర్చీ, మంచి జీతం అన్నీ వదులుకుని కాకినాడ దగ్గర ఒక సేవకుల పాఠశాలలో చేరబోతున్నాడు. పాస్‌పోర్టు మీద దేశం వదిలే ఎగ్జిట్ ముద్ర కొట్టేశారు. బుధవారం ప్రయాణం. వీడ్కోలు ప్రార్థనకి నర్సులు, డ్రైవర్లు, ఇద్దరు టైలర్లు, అంతా కలిసి గదినిండా కూర్చున్నారు.

ఎరిక్ లేచి సాక్ష్యం చెప్పాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. మనిషి ఈ ఎనిమిది నెలల్లో సగం అయిపోయాడు.

"నేను ఎంత పాపినో మీకెవరికీ తెలియదు. ఆయనకి తెలుసు. నా రాత్రులు ఆయనకి తెలుసు. నా పాపాన్ని సముద్రంలో పడేసి, ఇక నీ బతుకు నాకివ్వరా అన్నాడు. ఇచ్చేశాను. సగం కాదు, మొత్తం" అన్నాడు. చివరిమాట దగ్గర నిజంగానే ఏడ్చాడు.

"స్తోత్రం, స్తోత్రం" అని గది గొణిగింది. ముందు వరసలో కూర్చున్న చిన్న నర్సు కళ్ళొత్తుకుంది. ఇంత త్యాగం చేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారని ఒకాయన పక్కవాడి చెవిలో అన్నాడు.

రత్నమణికి మాత్రం నోట్లో చేదు ఊరింది. అతని ఏడుపు దొంగ ఏడుపైతే ఆమెకి తేలిగ్గా ఉండేది. అది దొంగది కాదు, అదే ఆమెకి మింగుడుపడలేదు.

పాట మొదలవగానే లేచి, ఎరిక్ భుజం మీద తట్టి, "వంటింట్లోకి రా" అంది.

వంటింట్లో ఓబదయ్య బిర్యానీ దమ్ము మీద పెట్టి, మూత మీద బరువు సర్దుతున్నాడు. వాళ్ళిద్దరూ వచ్చినా తల తిప్పలేదు. రత్నమణి తలుపు దగ్గరగా వేసింది.

"అంజన్న ఎక్కడున్నాడు ఎరిక్?"

"ఎవరు?"

"ఎవరూ అన్నావు చూడు, అక్కడే దొరికిపోయావు. నీ ఆఫీసు డ్రైవరుని ఎవరని అడుగుతావా?"

ఎరిక్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "నెమ్మదిగా అక్కా. అవతల అందరూ ఉన్నారు" అన్నాడు.

"నీకెప్పట్నించి తెలుసు?"

"పట్టుకెళ్ళినరోజు నించీ." అతను గోడకి ఆనుకున్నాడు. "పోలీసులు ఆఫీసుకొచ్చి, బండి ఎవరి చేతికింద ఉంటుందని అడిగారు. అంజన్న చేతికింద అన్నాను. అది అబద్ధం కాదు కదా."

"ఆ రోజు తాళం ఎవరు తీసుకున్నారో అడగలేదా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

స్టౌ మీద గిన్నె చిటపటమంది. పక్కగదిలో పాట రెండో చరణంలోకి వచ్చింది.

"తెలియదన్నాను. అంజన్న నా మొహంలోకి చూశాడు. సార్, మీరే గదా పట్కపోయిండ్రు అన్నాడు. నాకు తెలియదన్నాను మళ్ళీ." ఎరిక్ రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. "ఆ రోజు నించీ నేను మనిషిని కాదక్కా. నిద్ర లేదు, తిండి లేదు. మోకాళ్ళ మీదే పడున్నాను. ఒకరోజు తెల్లవారుజామున ఆయన నాతో మాట్లాడాడు. క్షమించానన్నాడు. ఆ మాట నేను విన్నాను, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. అందుకే అన్నీ వదిలేసి ఆయన వెనక పోతున్నాను. ఇంతకంటే ఏమివ్వను?"

"నీది కానిది ఇస్తున్నావు" అంది రత్నమణి. "నీ బతుకు ఎక్కడుండాలి? ఆ జైల్లో ఉండాలి. నీ చోట్లో అంజన్నని కూర్చోబెట్టి, ఖాళీ అయిన చేతులు తీసుకెళ్ళి, ఇదిగో ప్రభువా నా సమర్పణ అంటున్నావు. దేవుడు క్షమించాడేమో, ఆయన ఇష్టం. అంజన్న క్షమించాడా? అతన్ని అడిగావా?"

"నేనొక్కణ్ణే అయితే ఎప్పుడో వెళ్ళేవాణ్ణి." ఎరిక్ గొంతులో మొదటిసారి పదును వచ్చింది. "ఆ రోజు ఎక్కణ్ణించి వస్తున్నారు, అక్కడేం చేస్తున్నారు, ఎవరెవరున్నారు అని అడుగుతారు. ఈ గదిలో ఉన్నవాళ్ళందర్నీ ఎక్కడివాళ్ళనక్కడికి పంపించేస్తారు. పెదనాన్నని ముందు పంపిస్తారు. వీళ్ళ కూటికుండలు పగలగొట్టి నేనొక్కణ్ణే నీతిమంతుణ్ణి అనిపించుకోనా? అది ప్రేమా?"

అతను చెప్పిందాంట్లో నిజముంది. రత్నమణికి తెలిసిన మొహాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇళ్ళ మీద అప్పులున్నవాళ్ళు, మొదటి సెలవు కూడా రానివాళ్ళు. తను కూడా. భీమవరం హాస్టల్లో చదువుకుంటున్న కొడుక్కి తనే తల్లీ తండ్రీ.

ఆమె తడబాటు చూసి ఎరిక్ ఇంకొక మాట అన్నాడు. అనకుండా ఉంటే బాగుండేది.

"ఇంత న్యాయం తెలిసినదానివి, ఆ రోజు నువ్వెందుకు దిగలేదక్కా? నేను గుమస్తాని. నువ్వు నర్సువి."

అంతే. రత్నమణి చెంప మీద కొట్టినట్టయింది.

యుద్ధం జరిగిన రోజుల్లో ఆమె ఆస్పత్రి వదల్లేదు. సైరన్ మోగినప్పుడల్లా మొహానికి గ్యాస్ మాస్కు తగిలించుకుని, మంచాల మీదనించి కదల్లేని రోగుల పక్కన నేలమీద కూర్చునేది. ఆ రబ్బరు కంపులో, తన ఊపిరి తనకే గట్టిగా వినబడుతుంటే, "నన్ను బతికించు ప్రభువా, ఈ ప్రాణం ఇక నాది కాదు, నీదే" అని మొక్కుకుంది. ఒకసారి కాదు, సైరన్ మోగిన ప్రతిసారీ. ఆయన బతికించాడు. యుద్ధం ఆగిపోయింది. మొక్కు తీర్చుకునే రోజు వారం తిరక్కుండానే వచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పొగతో ఆకాశం మసిగుడ్డలా ఉంది. ప్రార్థన ముగించుకుని, పట్టపగలే లైట్లు వేసుకుని వస్తున్నారు. దబ్బుమని చప్పుడైంది. బండి పక్కకి ఊగి నిలబడింది. జాయ్సీ కెవ్వుమంది. "గొర్రె" అన్నాడు ఎరిక్. గొర్రె కాదని రత్నమణికి తెలుసు. వెనక అద్దంలోంచి తెల్లగా ఏదో కదులుతూ కనిపించింది. తలుపు పిడి మీద ఆమె చెయ్యి ఉంది. దిగితే పోలీసులొస్తారు, ఎక్కణ్ణించి వస్తున్నారని అడుగుతారు. ఆ చెయ్యి పిడిని తిప్పలేదు. బండి కదిలింది.

సాయంత్రం డ్యూటీకి వెళ్ళేసరికి ఆ కాపరి శవం అక్కడే ఉంది. తొడ దగ్గర రక్తనాళం తెగిందట. కాస్త ముందు ఎవరైనా గుడ్డ బిగించి కట్టి ఉంటే బతికేవాడని డ్యూటీ డాక్టరు చేతులు కడుక్కుంటూ అన్నాడు. రత్నమణి ఆ గుడ్డ కట్టడం కొత్తగా వచ్చిన నర్సులకి నేర్పుతుంది.

"దిగలేదు" అంది ఇప్పుడు, వంటింట్లో. గొంతులో ఏడుపు లేదు. "చంపింది నువ్వయితే, చావనిచ్చింది నేను. అందుకే వచ్చాను ఎరిక్. నిన్ను పట్టిద్దామని రాలేదు. నువ్వూ నేనూ కలిసి వెళ్దామని అడగడానికొచ్చాను. రేపు పొద్దున నా డ్యూటీ దిగుతాను. నాతో రా."

ఒక్క క్షణం అతను వస్తాడనే అనిపించింది. పెదవులు కదిలాయి. కళ్ళలోకి ఏదో వెలుగులాంటిది వచ్చింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని జాయ్సీ లోపలికొచ్చింది. ఎంతసేపట్నించి వింటోందో ఏమో.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఊళ్ళో మా అమ్మ దగ్గరున్న పిల్లలిద్దరూ నాన్న కోసం విమానం దగ్గరికొస్తామని కొత్తగౌన్లు కుట్టించుకున్నారంట. మూడేళ్ళయింది వాళ్ళు నాన్నని చూసి. చిన్నదానికి ఆయన మొహమే గుర్తులేదు" అంది.

ఎరిక్ కళ్ళలో వెలుగు ఆరిపోయింది. అది ఆరడం రత్నమణి చూసింది.

"నాకోసం ప్రార్థన చెయ్యక్కా" అన్నాడతను. భార్య భుజం పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అందరూ అతని చుట్టూ చేరి, తల మీద, భుజాల మీద చేతులుంచి ప్రార్థించారు. "రత్నక్కా, నువ్వు కూడా రా" అని ఎవరో పిలిచారు. ఆమె గుమ్మంలోనే నిలబడి, చేతులు కట్టుకుంది.

వెనకనించి ఓబదయ్య స్టౌ ఆపేసిన చప్పుడు వినబడింది.

"ఆ అంజన్న మా మెస్సులోనే తినేవోడు" అన్నాడాయన, మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "పచ్చడి బాగుందని రెండుసార్లు వేయించుకునేవోడు. మనోడు కాకపోయినా పండక్కి మాకు మిఠాయి తెచ్చిచ్చాడు. ఎనిమిది నెలల్నించీ ఎందుకు రావట్లేదా అని నేను ఎవురినీ అడగలేదమ్మా. ఊరికెళ్ళాడేమోలే అనుకున్నా."

"రేపు నేను వెళ్తున్నాను పెదనాన్నా."

"బుధవారం దాకా ఆగగూడదా?"

"బుధవారానికి ఎరిక్ విమానం ఎక్కేస్తాడు."

"ఎక్కనీ."

రత్నమణి ఆయన వంక తిరిగి చూసింది. ఈ ముసలాయన ఒక్కడన్నా తన వైపుంటాడనుకుంది. "మీరు కూడానా?" అని, ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా తగిలించుకుని, అన్నం తినకుండా వెళ్ళిపోయింది. ఓబదయ్య ఆపలేదు.

మర్నాడు డ్యూటీ దిగాక ఆమె మొహం కడుక్కుని, గదిలో కాసేపు మోకరించింది. మాటలు రాలేదు. ఇన్నేళ్ళూ ప్రార్థన అంటే ధారగా వచ్చేది. కొడుకు కోసం, కాంట్రాక్టు కోసం, తలనొప్పి కోసం కూడా అడిగేది. ఇప్పుడు అడగడానికేమీ లేదు. ఇవ్వాల్సింది మాత్రమే ఉంది. "వస్తున్నాను" అని ఒక్కమాట అనుకుని లేచింది. దేవుడు దగ్గరున్నట్టేమీ అనిపించలేదు. ఒళ్ళంతా చన్నీళ్ళు పోసుకున్నట్టుంది, అంతే.

ఆస్పత్రి బస్సు బజారు దగ్గర దింపింది. ఆమె పంపిన కబురందుకుని నాగేందర్ అక్కడ ఎదురుచూస్తున్నాడు. చేతి కట్టు మాసిపోయింది. ఆమె జరిగిందంతా అక్కడే, ఎండలో నిలబడి చెప్పేసింది. బండిలో తనున్నానని కూడా. అతను తిడతాడనుకుంది, తిట్టలేదు.

"మరి ఇన్ని దినాలు ఏమైందక్కా నీకు?" అని మాత్రం అడిగాడు. "మా అక్క ఆడ రోజూ ఏడుస్తాంది. ఊర్లోల్లు సంపినోని పెండ్లాం అంటున్నరట." ఆ తర్వాత దారంతా ఆమె కన్నా పదడుగులు ముందు నడిచాడు.

మురూర్ ఆఫీసు, అంటే ట్రాఫిక్ పోలీసుల ఆఫీసు, రెండు వీధుల అవతల ఉంది. అక్కడ ఖాదర్ మొహిద్దీన్ అనే కడప మనిషి దుబాసీ పని చేస్తాడు. అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడూ వచ్చు. నాగేందర్ అతని చుట్టూ తిరిగీ తిరిగీ కాళ్ళరిగినవాడు.

"మళ్లా వచ్చినావా నాయనా?" అన్నాడు ఖాదర్ మొహిద్దీన్. తర్వాత రత్నమణిని చూసి, "ఎవురు ఈయమ్మ?" అన్నాడు.

రత్నమణి ముందుకొచ్చింది. "ఆ సూడాన్ మనిషిని గుద్దిన రోజు ఆ బండిలో నేనున్నానండీ. అంజన్న లేడు. నడిపింది వేరే మనిషి. సాక్ష్యం చెప్పడానికొచ్చాను."

ఖాదర్ మొహిద్దీన్ ఆమెని వింతగా చూశాడు. "ఇదేందమ్మా! ఇన్నాళ్ళూ ఒక్కరు రాలేదు, ఈపొద్దు ఒకరి ఎనక ఒకరు వస్తాండారు. పొద్దన్నే ఒకాయన వచ్చినాడు. ఆ బండి నడిపింది నేనే, అంజన్నకి ఏ పాపమూ తెలీదు, నన్ను లోపలెయ్యండని కూచున్నాడు. ఆఫీసరు వాంగ్మూలం రాయిస్తాండాడు."

రత్నమణి గోడ పట్టుకుంది. ఎరిక్! వచ్చాడు. పిల్లల కొత్తగౌన్లు, విమానం, పాఠశాల అన్నీ వదులుకుని వచ్చాడు. రాత్రంతా తను అతన్ని ఎన్ని తిట్టుకుంది! నిన్న వంటింట్లో ఆ కళ్ళలో కనిపించిన వెలుగు ఆరలేదన్నమాట. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆమెకి కన్నీళ్ళు వచ్చాయి. "ప్రభువా, నన్ను క్షమించు" అనుకుంటూనే, పమిటకొంగు కోసం వెతుక్కుని, లేక, అబాయా అంచుతోనే కళ్ళు తుడుచుకుంది.

"రా లోపలికి" అన్నాడు ఖాదర్ మొహిద్దీన్.

లోపల పెద్ద బల్ల వెనక ఆఫీసరు కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద ఒక మనిషి వీపు కనబడుతోంది. ఇస్త్రీ చేసిన చొక్కా, నెత్తిన నూనె రాసి దువ్విన నెరిసిన జుట్టు.

నెరిసిన జుట్టు.

ఓబదయ్య వెనక్కి తిరిగి చూశాడు. రత్నమణిని చూడగానే ఆయన మొహం పాలిపోయింది. జీవితంలో ఒక్కరోజు స్టీరింగు పట్టుకోని మనిషి. ప్రమాదం జరిగిన ఆ శుక్రవారం ప్రార్థన అయ్యాక గిన్నెలు కడుక్కుంటూ గదిలోనే ఉండిపోయిన మనిషి.

"ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు, ఆఫీసరుకి వినబడకుండా. "బుధవారం దాకా ఆగమన్నానే. ఊరికే ఉండు. నాకెనక ఏడ్చేవోళ్ళు ఎవరూ లేరు. సరుకులకెళ్తా బండి నేనే తీశానని చెప్పా. ఆ మాటతో ప్రార్థన ఊసే రాదు. పిల్లకాయలకి తండ్రుంటాడు, నీ కొడుక్కి నువ్వుంటావు. అంజన్న ఇంటికిపోతాడు. ఆయన మనందరికోసం చేసింది ఇదే గదా?"

"ఆయన అబద్ధం చెప్పి చెయ్యలేదు పెదనాన్నా" అంది రత్నమణి. "నేరం లేనోణ్ణి బయటికి తీసి, ఇంకొక నేరం లేనోణ్ణి లోపల పెడితే, అది నేను చూస్తూ ఊరుకుంటే, నేను మళ్ళీ ఆ బండిలోంచి దిగనట్టే కదా!"

నాగేందర్ ఆమె మోచేతి దగ్గరికి వచ్చాడు. వాళ్ళ మాటలు అతనికి అర్థమయ్యాయి. అతని కళ్ళలో దయ లేదు, కోపం లేదు. ఎనిమిది నెలల అలసట ఉంది.

"అక్కా, నీకు దండం పెడ్త. ముసలాయన ఇష్టపడి వచ్చిండు. ఎవ్వలు నడిపిండ్రో నాకెందుకు? ఇప్పుడు నువ్వు ఇంకో పేరు చెప్తే కథ మళ్ల మొదటికొస్తది. అవునను. మా బావను ఇంటికి తీస్కపోత."

ఆఫీసరు కలం బల్ల మీద పెట్టి, అరబ్బీలో ఏదో అడిగాడు. ఖాదర్ మొహిద్దీన్ రత్నమణి వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు ఆ బండిలో ఉండావని చెప్పినానులే ఈయనకి. ఒకే ఒక్క మాట అడుగుతాండాడు. దేవుని మీద ప్రమాణం చేసి చెప్పమంటాండాడు. ఆ పొద్దు బండి నడిపింది ఈ పెద్దాయనేనా?"